పచ్చ ఆయిల్లో ఎర్ర ఆయిల్

లాకప్పులో మెకానిక్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఊచల బయట స్టూలు లాగిన చప్పుడు విన్నా తల తిప్పలేదు.

"నీ భార్య పంపితే వచ్చాను," అంది డిటెక్టివమ్మ. "పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. తనకి కూడా నువ్వు మొహం చూపించలేదట."

"ఏ మొహం పెట్టుకుని చూపించనమ్మా? పేపర్లో వేశారుగా. అదే చూసుకోమనండి."

ఆ ఫొటో ఆమె చూసింది. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తల వంచుకున్న మెకానిక్, వెనకాల నుజ్జయిన తెల్లకారు, ముందు ఛాతీ విరుచుకుని ఇన్‌స్పెక్టరు. పైన పెద్దక్షరాల్లో 'ప్రాణం మీదికి తెచ్చిన తప్పు ఆయిలు'. ఊళ్ళో సగం మందికి పురుళ్ళు పోసిన డాక్టరమ్మ సోమవారం పొద్దున ఒక్కతే కారు నడుపుకుంటూ కొండెక్కి అటువైపు దిగుతోంది. మలుపు దగ్గర స్టీరింగ్ తిరగలేదు. కారు వెళ్ళి రాతిగోడని గుద్దింది. అప్పట్నుంచీ ఆవిడ పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. ఎవరో ఒకరి మీద కోపం తీర్చుకోకపోతే ఊరికి నిద్రపట్టేలా లేదు. మెకానిక్ దొరికాడు.

డిటెక్టివమ్మ అసలు కోర్టులో టైపిస్టు. సాక్షుల అబద్ధాలు టైపు చేసి చేసి, ఏది అబద్ధమో వినగానే తెలిసిపోయే స్థితికి వచ్చాక ఉద్యోగం మానేసి ఈ పని పెట్టుకుంది. ఆ పేరు జనం వెక్కిరింపుగా పెట్టిందే. రెండు మూడు కేసులు తేలాక వెక్కిరింపు పోయి పేరొక్కటే మిగిలింది.

"ఆదివారం ఆ కారు నీ షెడ్డుకి వచ్చిందా?"

"రాలేదు."

"ఆ మాట ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"మొదట చెప్పాను. తర్వాత మానేశాను."

"ఎందుకు?"

మెకానిక్ గోడకే చెప్పుకున్నట్టు మొదలుపెట్టాడు. "ఆ కారు వానలకి ముందు ఒకసారి వచ్చిందమ్మా. అప్పుడు స్టీరింగ్ ఆయిలు పోశానో లేదో నాకు గుర్తులేదు. పోసుంటే మాత్రం ఎర్రదే పోసుంటాను. అన్ని కార్లకీ ఎర్రదే పోస్తాను నేను. మా గురువు అలాగే పోసేవాడు. ఏ కారుకి ఏ ఆయిలో మూత మీదే రాసుంటుందట. ఎప్పుడూ చదవలేదు. ఎవరి కారూ ఆగిపోలేదు కదా అనుకున్నా."

"అంటే నువ్వే చేశావని ఒప్పుకుంటున్నావా?"

"చేశానో లేదో నాకే తెలియట్లేదు. అదేనమ్మా సిగ్గు. వేరేవాడైతే నేను చెయ్యలేదని గుండె మీద చెయ్యేసి చెప్పేవాడు. నాకు చెయ్యి లేవట్లేదు."

డిటెక్టివమ్మ చెవికి ఎక్కడా అబద్ధం తగల్లేదు. ఇది అబద్ధం కంటే కష్టమైన సరుకు. ఎప్పటినుంచో చేస్తూ వచ్చిన నిర్లక్ష్యమంతా ఒక్కసారి గుర్తొచ్చి, చెయ్యని నేరాన్ని కూడా తలకెత్తుకునేలా ఉన్నాడు మనిషి.

"ఏం వదినా, అన్నయ్యని ఇంట్లో వదిలేసి ఇక్కడ సత్సంగం పెట్టారా?"

వెనకనుంచి ఇన్‌స్పెక్టరు. ఆమె భర్తకి సొంత తమ్ముడు. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నిక్కర్లేసుకున్న మరిది. ఇప్పుడు స్టేషన్లో ఎదురుపడితే ఇద్దరికీ చుట్టరికం గొంతులో అడ్డం పడుతుంది.

"నీ కేసు చూద్దామని వచ్చాను," అందామె.

"చూడ్డానికేం లేదు. అతను ఒప్పుకున్నాడు."

"అతను ఒప్పుకున్నది తన అలవాటు. నువ్వు రాసుకున్నది నేరం. రెండూ ఒకటి కాదు."

"వదినా, ఆ కారుకి పొయ్యాల్సింది ఆకుపచ్చ ఆయిలు. డబ్బాలో ఎర్రది ఉంది. ఇతని షెడ్డులోనూ ఎర్రది ఉంది."

"ఎర్ర ఆయిలు లేని షెడ్డు ఈ ఊళ్ళో ఒకటి చూపించు."

"ఆదివారం ఆయిలు మార్పించడానికి కారుని ఇతని దగ్గరికి పంపామని డాక్టరమ్మ భర్త సంతకం పెట్టి మరీ ఇచ్చారు. లెక్కల మాస్టారు. పిల్లలకి తప్పు మార్కు వేస్తే మర్నాడు క్లాసులో క్షమాపణ చెప్పుకునే మనిషి. ఆయన అబద్ధమాడతాడా?"

"సరే. తప్పు ఆయిలు పోశారనే అనుకుందాం. అది పోసిన మర్నాడే స్టీరింగ్ చచ్చిపోతుందని నీకెవరు చెప్పారు? లోపలి రబ్బరు సీళ్ళు మెల్లమెల్లగా చెడతాయి. ఆయిలు కారుతుంది. తిప్పినప్పుడల్లా మూలుగుతుంది. రోజురోజుకీ చెయ్యి లాగుతుంది. మనిషి జబ్బుచేసి మంచం పట్టినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. ఇది నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయిన కేసు."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళ వైపు ఓరగా చూశాడు. వాళ్ళు వినకపోతే బాగుండుననే చూపు అది.

"కారు వెనకాల పెట్టించాను. చూసుకోండి. చూశాక ఇంటికెళ్తారా?"

"చూశాక చెప్తా."

స్టేషను వెనక ఖాళీ స్థలంలో కారు ఒక పక్కకి ఒరిగి ఉంది. దెబ్బ ఎడమవైపు తగిలింది. అటు బానెట్ ముడతలు పడిపోయింది, కుడివైపు మాత్రం చెక్కుచెదరలేదు. స్టీరింగ్ ఆయిల్ డబ్బా ఆ కుడివైపే ఉంది. గుప్పెడంత ప్లాస్టిక్ డబ్బా. మూత మీద ఏ రకం ఆయిలు పొయ్యాలో స్పష్టంగా అచ్చుపోసి ఉంది, ఇంకోటి పొయ్యవద్దని కూడా. పక్కన రెండు గీతలు, ఆయిలు ఆ రెంటి మధ్య ఉండాలని.

ఇప్పుడు కింది గీత దరిదాపుల్లో కూడా ఏమీ లేదు. అడుగున మాత్రం కొంచెం మడ్డి. డిటెక్టివమ్మ ఒక పుల్లకి తెల్లగుడ్డ చుట్టి ముంచి తీసింది. మధ్యలో ఎర్రగా, అంచుల్లో ఆకుపచ్చగా, రెండూ కలిసినచోట కాఫీ మడ్డిలా మరక పాకింది.

"చూశావా. పాత పచ్చ ఆయిలు ఇంకా ఉండగానే పైన ఎర్రది పోశారు. ఆయిలు మార్చలేదు, తగ్గినంత మేరకు కలిపారంతే. మెకానిక్ దగ్గరికి పంపి మార్పించామన్న మాట ఇక్కడే తేలిపోయింది."

"మార్చకుండా మార్చానని చెప్పే మెకానిక్కులు లేరా?"

అందులో న్యాయం ఉంది. ఆమె కాదనలేదు. టార్చి తీసి డబ్బా కిందికి వేసింది. అక్కడ ఒక రబ్బరు పైపు డబ్బాకి తగిలి ఉండాల్సింది. అది ఊడి కిందికి వేలాడుతోంది.

"ఇది గుద్దినప్పుడు ఊడింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దెబ్బ అటు తగిలితే ఇటు పైపు ఎలా ఊడింది? ఊడిందే అనుకో. గుద్దుకి పైపు చిరగాలి. దీని చివర చూడు, కొత్తదానిలా ఉంది. పైపుని బిగించి పట్టుకునే క్లిప్పు ఎక్కడుందో చూడు."

క్లిప్పు చివర లేదు. వెనక్కి జరిగి పైపు మధ్యలో కూర్చుంది. ఏళ్ళ తరబడి అది ఉన్నచోట రబ్బరు మీద తుప్పు ఉంగరంలా మిగిలింది.

"క్లిప్పుకి కాళ్ళు లేవు," అంది డిటెక్టివమ్మ. "ఎవరో దాన్ని వెనక్కి జరిపారు. పైపుని మళ్ళీ అంటీముట్టనట్టు తగిలించి వదిలేశారు. కాస్త దూరం నడిచి ఆయిలు వేడెక్కి, నాలుగు మలుపులు తిరిగేసరికి ఊడింది. ఊడిందంటే ఆయిలంతా రోడ్డు పాలు, ఆయిలు లేకపోతే స్టీరింగ్ చక్రం బండరాయి. బలమున్నవాడైతే రెండు చేతులా లాగి ఎలాగో తిప్పేవాడు. డాక్టరమ్మకి కుడి భుజం పట్టేసి ఏడాదైంది. జడ కూడా వేసుకోలేదు ఆవిడ."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. చూస్తూ ఉండగా అతని వేలు పైపు మీద ఒకచోట ఆగింది. రబ్బరు అక్కడ నొక్కుకుపోయి ఉంది. ఆ నొక్కులో అడ్డంగా సన్నసన్నని గాట్లు, దువ్వెన పళ్ళ కంటే సన్నవి.

"ఆయిలు కారకుండా ఇక్కడ దేనితోనో నొక్కి పట్టాడు. ఇది మెకానిక్ పట్టకారు కాదు వదినా. పళ్ళు ఇంత సన్నగా ఉండవు."

"మరేంటి?"

అతను లోపలికెళ్ళి, కారులో దొరికిన సామానున్న అట్టపెట్టె పట్టుకొచ్చాడు. డాక్టరమ్మ హ్యాండ్‌బ్యాగు తీశాడు. అందులో చేతిరుమాల్లో మూటకట్టిన చిన్నచిన్న ఇంజక్షన్ సీసాలు.

"డాక్టరు బ్యాగులో మందులుండవా అని నేను పట్టించుకోలేదు," అన్నాడు. గొంతు తగ్గింది. "మొన్న ఈ సామాను లెక్క రాయించేటప్పుడు ఈ గాట్లు చూసినట్టు లీలగా గుర్తు."

సీసాలన్నీ ఒకే మందు. అన్నిటికీ సీలు ఉంది. కాని రేకు సీలు అంచుల చుట్టూ రెండోసారి నొక్కిన గుర్తులున్నాయి. అవే సన్నని అడ్డగాట్లు. ఒక సీసాలో మందు నీళ్ళలా తేటగా ఉంటే, పక్కదానిలో కడుగునీళ్ళలా మసకగా ఉంది.

"తెరిచి, అసలు మందు తీసేసి, ఇంకేదో నింపి, మళ్ళీ మూశారు," అంది ఆమె.

"ఈ గాట్లు ఆపరేషన్లో రక్తనాళాలు నొక్కిపట్టే పట్టకారువి. నా వేలికి కుట్లు వేసినప్పుడు దగ్గర్నుంచి చూశాను. తాళంలా పడితే వదలదు." ఇన్‌స్పెక్టరు సీసాని మూటలో పెట్టేశాడు. "సీసాలు పాడుచేసిన చెయ్యీ, పైపు ఊడదీసిన చెయ్యీ ఒకటే. ఆవిడ వీటిని పట్టుకుని ఎక్కడికో బయల్దేరింది. చేరకుండా ఆపారు. ఆవిడ క్లినిక్కులోని పట్టకారు చేతికి అందేదెవరికి? ఆదివారం కారు ఎవరింట్లో ఉంది? అబద్ధపు కాగితం మీద సంతకం ఎవరిది?"

"మాస్టారంటావా?"

"మీరే అనిపిస్తున్నారు కదా, పొద్దున్నుంచి."

అతను జీపెక్కాడు. ఎవరూ పిలవకుండానే ఆమె కూడా ఎక్కి పక్కన కూర్చుంది. దారిలో పత్రికలమ్మే కొట్టు ముందు వేలాడుతున్న ఫొటో కనిపించింది. అతను తల తిప్పుకున్నాడు.

మాస్టారిల్లు పెద్దాసుపత్రి వెనక వీధిలోనే. తలుపు తీసే ఉంది. ఆయన ఇంట్లో లేడు. కారు లేని షెడ్డులో, మోకాళ్ళ మీద వంగి, సబ్బు నురగలో నేల తోముతున్నాడు. బ్రష్షు కింద ఎర్రటి మరక అరచెయ్యంత ఉంది. వాళ్ళని చూసి బ్రష్షు ఆపాడు.

"ఆ మరకేంటి మాస్టారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పోవట్లేదు," అన్నాడాయన. "ఎంత రుద్దినా పోవట్లేదు."

"కడిగితే పోతుందని ఎవరు చెప్పారు మీకు? సాక్ష్యం మాయం చేస్తున్నారని రాసుకోమంటారా?"

"నువ్వు కాసేపు ఆగు," అంది డిటెక్టివమ్మ. నురగ పక్కన మెట్టు మీద కూర్చుంది. "మాస్టారూ, ఎర్ర ఆయిలు మీరే పోశారు కదూ?"

ఆయన చేతిలోని బ్రష్షుని జాగ్రత్తగా బకెట్లో పెట్టాడు. ఆ చిన్న పనికి చాలా టైము తీసుకున్నాడు.

"స్టీరింగ్ తిప్పితే మూలుగుతోందని ఆవిడ వారంనుంచి చెబుతోంది. మెకానిక్‌కి చూపించమంది. ఈమాత్రం దానికి మెకానిక్ ఎందుకు, నాకు తెలుసులే అన్నాను. మొదట్నుంచీ అన్నిటికీ నాకు తెలుసులే అనడం నాకు అలవాటు. బానెట్ ఎత్తి చూస్తే ఆయిలు కింది గీత దిగిపోయింది. పాత కారుకి కొన్న ఎర్ర ఆయిలు డబ్బా అలమర్లో ఉంది. పోశాను."

"మూత మీద రాసింది చదవలేదా?"

"చదివాను. పోసేసి మూత పెడుతున్నప్పుడు చదివాను." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "చదవగానే కంగారులో డబ్బా ఒరిగి మిగతాది ఇక్కడ ఒలికిపోయింది. స్కూల్లో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. లెక్క మొదలుపెట్టకముందు ప్రశ్న పూర్తిగా చదవండర్రా అని."

"ఆవిడకి చెప్పారా?"

"ఎలా చెప్పను? అంత గొప్పగా మాట్లాడాక? ఆదివారం మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఆవిడ క్లినిక్కులో మందుల గది చూసుకునేది వాడే కదా, పక్కనే మెకానిక్ షెడ్డు. వాడు నవ్వాడు. 'ఇంతేనా అన్నయ్యా, నేను తీసుకెళ్ళి కడిగించి పచ్చది పోయిస్తా, వదినకి తెలియనివ్వకు' అన్నాడు. కారు తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చిచ్చాడు. అయిపోయిందన్నాడు."

ఇన్‌స్పెక్టరూ డిటెక్టివమ్మా ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి చూసుకోవడం ఆ రోజుకి అదే మొదటిసారి.

"మరి డబ్బాలో ఎర్ర ఆయిలు ఎందుకుంది మాస్టారూ? కడిగిస్తే ఉండదు కదా," అంది డిటెక్టివమ్మ.

"మెకానిక్ కడగకుండా మోసం చేశాడేమో అనుకున్నాను." ఆయన నేలచూపు చూస్తున్నాడు. "అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. ఇన్‌స్పెక్టరుగారు కాగితం పెడితే, కారు పంపామని సంతకం పెట్టాను. నేను కళ్ళారా చూశానా? లేదు. నేనే పోశానన్న మాట అందులో ఉందా? లేదు. తప్పంతా తన మీదేసుకునే మనిషి ఒకడు దొరికాడు. ఆసుపత్రికి వెళ్ళి ఆవిడ మొహం చూడలేక తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఇక్కడ నేల తోముకుంటున్నాను. ఇంతకంటే ఏం చెప్పను."

"సోమవారం ఆవిడ ఎక్కడికి బయల్దేరిందో తెలుసా?"

"చెప్పలేదు. ముందురోజు పడుకోబోతూ ఒక మాట అంది. 'మీకొక విషయం చెప్పాలి. వింటే మీరు తలెత్తుకోలేరు. రేపు వచ్చాక కూర్చుని మాట్లాడదాం' అని. ఆయిలు సంగతి తెలిసిపోయిందనుకున్నాను. నిద్రపోయినట్టు నటించాను."

డిటెక్టివమ్మ మెల్లగా చెప్పింది. "ఆవిడ చెప్పబోయింది మీ గురించి కాదు మాస్టారూ."

చేతిరుమాలు మూట, సీసాలు, సీళ్ళ మీది గాట్లు, పైపు మీది గాట్లు, ఒకటొకటిగా చెప్పింది. ఆయన, తరగతిలో చివరి బెంచీ కుర్రాడు తన మార్కులు వింటున్నట్టు విన్నాడు. విన్నాక ఒకటే మాట అన్నాడు.

"వాడిప్పుడు ఆవిడ పక్కనే ఉన్నాడు. ఇవాళ తెలివొస్తుందన్నారు డాక్టర్లు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే గేటు దాటుతున్నాడు. డిటెక్టివమ్మ వార్డుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

"మీ తమ్ముడికి చెయ్యండి," అంది మాస్టారితో. "ఇన్‌స్పెక్టరు మెట్లెక్కేదాకా ఫోన్లో ఉంచండి."

"నాకు అబద్ధమాడ్డం చేతకాదు. నా గొంతు వినగానే కనిపెట్టేస్తాడు."

"అబద్ధం వద్దు. ఇందాక నాకు చెప్పిందే చెప్పండి."

ఆయన చేతుల నురగ పంచెకి తుడుచుకుని ఫోన్ తీశాడు. ఆమె చెయ్యి చాపి స్పీకరు నొక్కింది. రెండోసారి మోగుతుండగానే అటువైపు ఎత్తారు.

"అన్నయ్యా. కనురెప్పలు కదులుతున్నాయి. పిలిస్తే వేలు కదిపింది. నువ్వు రావేం?"

"వస్తాను. ముందు నీకో మాట చెప్పాలి." అన్నాడు మాస్టారు. "స్టేషనుకెళ్ళి నిజం చెప్పేద్దామనుకుంటున్నాను. ఎర్ర ఆయిలు పోసింది నేనేనని."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇప్పుడెందుకన్నయ్యా అవన్నీ? ఎవరడిగారు? నలుగురిలో నవ్వులపాలవుతావు."

"మెకానిక్ లాకప్పులో ఉన్నాడురా. వాడికీ పెళ్ళాం ఉంది. నా తప్పుకి వాడు కూర్చున్నాడు."

"నీ తప్పేముంది? ఎర్రది పోసినంత మాత్రాన ఏమవుతుంది? పైపు ఊడిపోతే నీ ఆయిలు ఏం చేస్తుంది?"

మాస్టారు ఫోన్ని చెవికి దూరంగా జరిపి, దానివైపే చూశాడు. ఆయన గొంతు మారిపోయింది. ముప్ఫై ఏళ్ళు బోర్డు ముందు నిలబడిన గొంతు అది.

"పేపర్లో తప్పు ఆయిలనే వేశారు. పైపు ఊడిందని నీకెవరు చెప్పారు?"

అటునుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. దూరంగా ఎక్కడో చక్రాల బండి తోసుకొస్తున్న చప్పుడు.

"చెప్పరా."

"ఆగిపోతుందనుకున్నానన్నయ్యా." గొంతు ఎవరిదో చిన్నపిల్లాడిదిలా ఉంది. "వదిన ఆ సీసాలు మూటకట్టుకోవడం చూశాను. కొండ ఎక్కకముందే ఎక్కడో పైపు ఊడుతుంది, కారు కదలదు, వదిన విసుక్కుని వెనక్కొస్తుంది, ఆ ఒక్కరోజూ దొరికితే సీసాలన్నీ మాయం చేసేద్దామనుకున్నా. ఆవిడ భుజం సంగతి నాకు తట్టలేదు. ఒట్టు, తట్టలేదు. ఇప్పుడావిడ కళ్ళు తెరిస్తే మొదట కనబడేది నా మొహమే. అది తలుచుకుంటే..."

"ఆవిడ జోలికి వెళ్ళకు," అన్నాడు మాస్టారు. బతిమాలుతున్నాడు. "ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టు. నేను మాట్లాడతాను. మనం ఇద్దరం దొంగలమేరా. నేను చిన్న దొంగని, నువ్వు పెద్ద దొంగవి. ఇద్దరం ఆవిడ ముందే నిలబడదాం. పెట్టు ఫోను."

ఫోను దిండుకి ఒరుసుకున్న శబ్దం. దగ్గరగా, నెమ్మదిగా, ఇంకో ఊపిరి వినబడింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

"వింటున్నావా? నేనే. స్టీరింగ్‌లో తప్పు ఆయిలు పోశాను. చదవకుండా పోశాను. సిగ్గేసి నీకు చెప్పలేదు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, నువ్వన్నది విన్నాను. లేచి కూర్చుని ఏమిటని అడిగుంటే నువ్వు సీసాల సంగతి చెప్పేదానివి, నేను ఆయిలు సంగతి చెప్పేవాణ్ణి, తెల్లారి ఆ కారు కదిలేది కాదు. అడగలేదు..."

అటువైపు ఆడగొంతు వినిపించింది. డాక్టరమ్మది కాదు, నర్సుది. "కాస్త జరగండి సార్, ఇంజక్షన్ వెయ్యాలి."

"వద్దు," అన్నాడు తమ్ముడు.

"ఏంటి సార్, అడ్డు తప్పుకోండి."

"వద్దన్నాను కదా. ఆ సీసా ఇటివ్వు."

పెనుగులాట. ట్రే కిందపడింది. గాజు పగిలింది. ఫోను నేలకి తగిలినట్టు పెద్ద చప్పుడైంది. వెంటనే తలుపు తోసుకొచ్చిన బూట్ల శబ్దం, ఇన్‌స్పెక్టరు గొంతు. "సిరంజి వదులు. చెయ్యి పైకెత్తు. సిస్టర్, ఆవిడకేమైనా వేశాడా?"

"లేదు సార్. నేనే వెయ్యబోతుంటే లాక్కున్నాడు."

మాస్టారు గోడకి చేరగిలబడ్డాడు. డిటెక్టివమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. అటు ఎవరో ఏడుస్తున్నారు. ఏడుస్తూనే మాట్లాడుతున్నారు.

"వెయ్యొద్దు సార్. వదినకి అది వెయ్యొద్దు. సీలు చూసి గుర్తుపట్టాను. అది నేను నింపిన సీసా. మా క్లినిక్కుకే కాదు, ఈ ఆసుపత్రికి కూడా నేనే ఇచ్చాను. రెండు రోజుల్నుంచి పక్కన కూర్చుని ప్రతి సీసా చూస్తున్నా. ఎవరికైనా చెబుదామంటే నోరు రాలేదు."

ఇన్‌స్పెక్టరు ఏదో అడిగాడు. గొంతు ఎంత తగ్గించాడంటే ఆమెకి మాటలు అందలేదు. నర్సు చెప్పిన జవాబు మాత్రం స్పష్టంగా వినబడింది.

"పొద్దున్నుంచి వార్డంతా తిరిగి అందరికీ అదే వేసొచ్చాను సార్. ఈవిడే ఆఖరు."